‘అందరికీ కనెక్ట్ అయింది’ అంటే ఎవరికి?

నాకు చిరాకు తెప్పించే మెచ్చుకోలు ఒకటుంది: "అందరికీ కనెక్ట్ అయింది." 2023 మార్చి 3న "బలగం" విడుదలైన దగ్గర్నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. 2025 ఆగస్టులో 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు ప్రకటించి, "ఊరు పల్లెటూరు" పాటకి కాసర్ల శ్యామ్‌ని ఉత్తమ గీత రచయితగా ఎంపిక చేసినప్పుడు మళ్ళీ అదే మాట. పల్లె ఏడ్చింది, పట్నం ఏడ్చింది, అమెరికా ఏడ్చింది, కాబట్టి ఇది యూనివర్సల్. అక్కడితో చర్చ ముగిసిపోతుంది. ఎవరు ఎందుకు ఏడ్చారని అడిగితే పండగ పూట తగువు పెట్టుకున్నవాణ్ణి చూసినట్టు చూస్తారు.

అయినా అడుగుతాను. ఎందుకంటే ఆ సినిమాని చూసినవాళ్ళు ఒక్కలా చూడలేదు. ఒక్కో చోట ఒక్కో సినిమా ఆడింది. వాటన్నిటిలోకీ శ్రద్ధగా, గట్టిగా, వాదించి మరీ చూసింది ఊళ్ళు. ‘అందరికీ’ అనే మాట ఆ చూపుని చెరిపేస్తుంది. నగరంలో కూర్చుని సినిమాల మీద వ్యాసాలు రాసుకునే, చదువుకునే మన చూపునే అందరి చూపుగా చలామణీ చేస్తుంది.

సినిమా చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సిరిసిల్ల వైపు ఒక ఊరు. అప్పులపాలైన సాయిలు, పెళ్ళి కట్నంతో గట్టెక్కుదామనుకుంటాడు. ఇంతలో తాత కొమురయ్య చనిపోతాడు. పెళ్ళి మాట వెనక్కి పోతుంది. మూడో రోజు పెట్టిన ముద్దని కాకి ముట్టదు. ఐదో రోజూ ముట్టదు. ముసలాయనకి తీరని కోరిక ఏదో ఉందని ఊరు అనుకుంటుంది. ఆ ఇంటి అల్లుడు నారాయణ, విందులో తనకి నల్లి బొక్క వెయ్యలేదన్న అవమానంతో ఇరవై ఏళ్ళ కిందటే అత్తగారింటితో తెగదెంపులు చేసుకున్నాడు. భార్య లచ్చవ్వ తండ్రి చనిపోయాకే మళ్ళీ పుట్టింటి గడప తొక్కింది. పదకొండో రోజున కథ చెప్పేవాళ్ళు వచ్చి పోయినాయన మీద పాట కడతారు. అప్పుడు కుటుంబం కరుగుతుంది. దర్శకుడు వేణు యెల్దండికి ఇది మొదటి సినిమా.

ముందు మన సంగతి చూద్దాం. నేను దీన్ని మొదట చూసింది హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్స్‌లో. కొమురయ్య పొద్దున్నే ఊరంతా తిరుగుతూ కనబడ్డవాళ్ళందర్నీ ఆట పట్టిస్తుంటే హాలంతా నవ్వు. చివర్లో హాలంతా ముక్కు చీదుడు. బయటికొచ్చాక విన్న మాటలు: "మట్టి వాసన," "నేటివిటీ," "రూటెడ్." ఆ వారంలో సోషల్ మీడియాలో చదివిన పోస్టుల్లో సగం "మనం ఏం కోల్పోయామో" అని మొదలయ్యాయి. తాతగారి ఊరు, వేసవి సెలవులు, పెద్ద కుటుంబం. నగర ప్రేక్షకుడికి ఆ ఊరు గతం. ఫోన్‌లో దాచుకున్న పాత ఫొటోలా దాన్ని చూసి కాసేపు ఏడ్చి, కార్ పార్కింగ్‌లో తేలికపడ్డాడు. ఇందులో తప్పేం లేదు. ఊరు వదిలి వచ్చినవాళ్ళకి దిగులుపడే హక్కు ఉంది. కానీ దిగులుపడడానికి ఊరు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. అన్నదమ్ముల పొలం గట్టు తగాదా మన వాట్సాప్ గ్రూపులో నడుస్తూ ఉంటే దాన్ని ‘మట్టి వాసన’ అనం.

ఇప్పుడు ఊరి సంగతి. మార్చి 24న సినిమా ప్రైమ్ వీడియోలోకి వచ్చింది. అప్పటికి మూడు వారాలే. ఆ తర్వాతే తెలంగాణ ఊళ్ళలో అసలు ఆట మొదలైంది. పంచాయతీ ఆఫీసుల ముందు, బడి ఆవరణల్లో, బొడ్రాయి దగ్గర తెరలు లేచాయి. పాత కరీంనగర్ జిల్లాలో మా మేనమామ ఊళ్ళో నేను చూసిన ఆట అలాంటిదే. సర్పంచ్ ప్రొజెక్టర్ తెప్పించాడు. సౌండ్ బాక్సులు పెళ్ళిళ్ళకి కిరాయికిచ్చే కుర్రాడివి. జనం చీకటి పడేలోపు తిని, చాపలూ కుర్చీలూ మోసుకుని వచ్చారు. తెర మీద బొమ్మ మసకగా ఉంది, మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. ఎవరూ లేవలేదు.

అక్కడ సినిమాని ఎవరూ నిశ్శబ్దంగా చూడలేదు. నల్లి బొక్క గొడవ దగ్గర ముందు నవ్వారు, తర్వాత ఆ నవ్వు తగ్గింది. నా పక్కన కూర్చున్న మా పెద్దమ్మ, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అంది: "బొక్క ఆయనకు పడకపాయె, తల్లిగారిల్లు ఈమెకు లేకపాయె." సినిమా అయ్యాక జనం ఇళ్ళకి పోలేదు. తప్పు ఎవరిదన్న దాని మీద పంచాయితీ పెట్టారు. అల్లుడికి మర్యాద తక్కువ చెయ్యడం తప్పే అని ఒక వర్గం. ఇరవై ఏళ్ళు పట్టుకుని కూర్చునేంత మర్యాద ఏ అల్లుడికీ ఉండదని ఇంకో వర్గం. "బావమరిది ఒక్కసారి పోయి పిలుస్తె ఏం పోయేది?" అని ఒకాయన అంటే, ఆయన్ని ఆయన తమ్ముడు అదోలా చూశాడు. ఆ చూపు వెనక ఏముందో ఊళ్ళో అందరికీ తెలుసు, నాకు తప్ప.

స్క్రీన్‌ప్లే మాట ఎవరూ ఎత్తలేదు. కెమెరా బాగుందని ఎవరూ అనలేదు. పాత్రల్ని నిలబెట్టి విచారించారు. దీన్ని ‘అమాయక స్పందన’ అనే మిత్రులు నాకున్నారు. సినిమాని నిజమనుకుని చూశారట. కాదు, అది సినిమా అని వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. కరెంటు పోయినప్పుడు ప్రొజెక్టర్ చుట్టూ చేరింది వాళ్ళే. ఒక కథలో ఎవరు ఎవరికి ఏం బాకీపడ్డారో తేల్చాలనుకోవడం విమర్శలో చాలా పాత పద్ధతి. మనం దాన్ని మర్చిపోయాం. ‘ఆర్క్’, ‘టోన్’ లాంటి మాటలు నేర్చుకున్నాం. నిర్మల్ జిల్లాలో ఒక ఊళ్ళో, సినిమా చూశాక ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు కలిసిపోయారని ఆ రోజుల్లో వార్త వచ్చింది. నగరంలో ఆ వార్తని ‘క్యూట్’ అంటూ పంచుకున్నారు. క్యూట్ ఏముంది అందులో? ఒక సమీక్ష ఏళ్ళనాటి భూమి తగాదాని కదిలించగలిగితే, ఆ సమీక్ష రాసినవాణ్ణి మనం నెత్తిన పెట్టుకుంటాం.

ఈ ఆటలకి అనుమతి లేదని నిర్మాతల వైపు నుంచి పోలీసులకి ఫిర్యాదు వెళ్ళినట్టు కూడా పత్రికల్లో వచ్చింది. తర్వాత ఆ పట్టు సడలింది. చట్టం ప్రకారం వాళ్ళ మాట సరైనదే. కానీ చట్టం పక్కన ఒక లెక్క కూడా పెట్టుకోవాలి. 2021 డిసెంబరు జీవో ప్రకారం తెలంగాణ మల్టీప్లెక్సుల్లో మామూలు సీటు గరిష్ఠ ధర జీఎస్టీ కాక 250 రూపాయలు. 2023-24లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకి 272 రూపాయలు. నలుగురున్న ఇల్లు ఒకసారి అలాంటి హాల్లో సినిమా చూడాలంటే జీఎస్టీతో కలిపి నాలుగు రోజుల కూలి దాటుతుంది. సింగిల్ స్క్రీన్‌లో టికెట్ చవక, నిజమే. రాత్రి ఆట అయ్యాక ఊరికి బస్సు ఉండదు. ఓటీటీ చందా, పెద్ద తెర ఇంకా దూరం. తమ కథ తమ దగ్గరికి రాకపోతే వాళ్ళే తెచ్చుకున్నారు. ‘అందరికీ చేరింది’ అని మనం మురిసిపోతున్న సినిమా ఆ ‘అందరి’లో చాలామందికి తిన్నగా చేరలేదు.

ఇక యాస. కోస్తా వైపు మిత్రులు కొందరు "బాగుంది కానీ యాస కొంచెం కష్టమైంది" అన్నారు. నిజాయితీగా అన్నారు కాబట్టి కోపం లేదు, కానీ జవాబు ఉంది. దశాబ్దాల పాటు తెలుగు సినిమా హీరో కృష్ణా, గోదావరి జిల్లాల భాష మాట్లాడాడు. తెలంగాణ యాస రౌడీకీ, హాస్యగాడికీ ఇచ్చారు. ఆదిలాబాద్‌లో, పాలమూరులో ఆ సినిమాలు చూసినవాళ్ళు ‘కష్టమైంది’ అనలేదు. అనే అవకాశం వాళ్ళకి ఎవరిచ్చారు? అలవాటు చేసుకున్నారు. "బలగం" చూసి కోస్తా ప్రేక్షకుడు మొదటిసారి ఆ కష్టం రుచి చూశాడు. పిండం కాకి ముట్టడం గుంటూరులోనూ ఉంది, విజయనగరంలోనూ ఉంది. ఆచారం తెలిసి, మాట కొత్తగా తగలడమే ఆ ప్రేక్షకుడి అనుభవం. దాన్ని అలాగే రాస్తే ఎంత బావుండేది! "యాస వేరైనా ఎమోషన్ ఒక్కటే" అని చుట్టచుట్టి పక్కన పెట్టేశారు.

గల్ఫ్‌లో ఇంకో సినిమా ఆడింది. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కి మనిషిని పంపని ఊరు దొరకడం కష్టం. దుబాయిలో నిర్మాణ పని చేసే మా బంధువు ఒకాయన ఈ సినిమాని లేబర్ క్యాంపు గదిలో, ఫోన్‌లో, మూడు రాత్రులు ముక్కలు ముక్కలుగా చూశాడు. ఆయన తండ్రి చనిపోయినప్పుడు సెలవు దొరకలేదు. దినాలన్నీ వీడియో కాల్‌లో చూశాడు. "అందరు పదకొండు దినాలు ఒక్క ఇంట్ల కూసున్నరు. గది చాలు సూసెటందుకు," అన్నాడు నాతో. కాకి ముట్టిందా లేదా అన్నది ఆయనకి పట్టలేదు. ఇరవై ఏళ్ళు అలిగినవాడు కూడా చావుకి రాగలిగాడు, తను రాలేకపోయాడు. అమెరికాలో వారాంతం ఇంట్లో పెద్ద టీవీలో చూసి "రూట్స్" అని పోస్టు పెట్టిన మిత్రుడినీ, ఈయన్నీ కలిపి ‘ఓవర్సీస్ ఆడియన్స్’ అంటే అది ట్రేడ్ భాషకి సరిపోతుంది, సాహిత్య పత్రిక చదివేవాళ్ళకి సరిపోదు.

ఇంతకన్నా పాత పోట్లాట ఒకటి గుర్తుచేస్తాను. 1980లో రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నర్గీస్, సత్యజిత్ రాయ్ మన పేదరికాన్ని విదేశాలకి ఎగుమతి చేస్తున్నాడని విమర్శించింది. ఆ రోజుల్లో పైవర్గం భయం: బయటివాళ్ళు చూస్తే పరువు పోతుంది. ఇవాళ వ్యవహారం తిరగబడింది. "బలగం"కి లాస్ ఏంజిల్స్ నుంచి ఏదో అవార్డు వచ్చిందని పోస్టర్ పడ్డాక ‘ఓహో, చూడాల్సిందే’ అనుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఒకప్పుడు దాచాలనుకున్నదీ, ఇప్పుడు చూపించి మురిసేదీ బయటివాడి కంటితోనే. రెండు సందర్భాల్లోనూ ఆ తెర మీద ఉన్న మనుషులు తమ సినిమా గురించి ఏమనుకుంటున్నారో ఎవరూ అడగలేదు.

మన వాళ్ళలో ఇంకో రకం ఉన్నారు. వాళ్ళకి సినిమా ముప్పావు వంతు నచ్చింది. చివర పాట, ఏడుపులు, కాకి రావడం మాత్రం ‘మెలోడ్రామా’ అట. రియలిజం దారి తప్పిందట. వాళ్ళ దృష్టిలో రియలిజం అంటే మాటలు తక్కువ, షాట్లు పొడుగు, చివర తేలని ముగింపు. ఇది ఫిల్మ్ ఫెస్టివల్ దగ్గర నేర్చుకున్న కొలత. తెలంగాణలో చాలా కులాల్లో చావు దినాల నాడు కథకులు రావడం, పోయినవాళ్ళ గుణగణాలు పాటలో చెప్పడం, ఆ పాటకి బంధువులు బహిరంగంగా ఏడవడం రోజువారీ వాస్తవం. అక్కడ పాట దర్శకుడు అతికించిన అలంకారం కాదు, ఆ రోజు జరగాల్సిన పని. నిశ్శబ్దంగా కుర్చీలో కూర్చుని దుఃఖాన్ని మింగే కుటుంబాన్ని చూపిస్తే మా మేనమామ ఊరి జనం "గిట్ల ఎవలు కూసుంటరు?" అని నవ్వేవాళ్ళు. సోషల్ రియలిజం అని పేరు పెట్టి ఏ సమాజమో మర్చిపోతే ఎలా?

ఇలా అన్నానని ఊరి కన్నీళ్ళని ముద్రగా వేసి, సినిమా మీద ప్రశ్నలే వద్దనేవాళ్ళతో నేను చేరడం లేదు. వాళ్ళూ ‘అందరికీ’ బ్యాచే. లచ్చవ్వ సంగతే తీసుకోండి. నల్లి బొక్క తగువు మగవాళ్ళది, శిక్ష ఆమెది. ఇరవై ఏళ్ళ శిక్షకి సినిమా ఆమె చేత గట్టిగా ఒక లెక్క అడిగించిందా? నాకలా అనిపించలేదు. అందరూ కలిసిపోయి ఏడ్చే ఆ ఏడుపులో ఆమె బాకీ కూడా కొట్టుకుపోయింది. సినిమా చూసి కలిసిపోయిన అన్నదమ్ముల గురించి నేను చదివిన వార్తల్లో వాళ్ళ అక్కచెల్లెళ్ళ ఊసు లేదు. మా పెద్దమ్మ ఒక్క వాక్యంలో పట్టుకున్నది ఇదే. ‘పేట్రియార్కీ’ మీద మనవాళ్ళు రాసిన పొడుగాటి పోస్టులు కూడా దీన్నే అన్నాయి. తేడా ఏంటంటే, పోస్టు రాసినవాళ్ళు పల్లె ఆడవాళ్ళకి ఇది కనబడలేదనుకున్నారు.

రెండోది ఆ పాట పాడినవాళ్ళ సంగతి. ఆ కుటుంబాన్ని కలిపింది వరంగల్ వైపు నుంచి వచ్చిన బుర్రకథ కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల గొంతు. కథలో వాళ్ళు వస్తారు, పాడతారు, వెళ్ళిపోతారు. సినిమా పేరు "బలగం", అంటే అయినవాళ్ళ గుంపు. అయినవాళ్ళని కలిపినవాళ్ళు మాత్రం ఆ గుంపులో లేరు. ఏ గుమ్మం దాకా బలగం, ఎక్కణ్ణుంచి బయటివాళ్ళు అన్నది మన ఊళ్ళలో కులం తేలుస్తుంది. సినిమా ఆ గీతని చూపించింది కానీ దాని మీద ఆగలేదు. మొగిలయ్య కిడ్నీ జబ్బుతో 2024 డిసెంబరులో చనిపోయాడు. సాయం చేసినవాళ్ళున్నారు, కాదనను. ఆ పాట విని తెరల ముందు ఏడ్చిన ఇన్ని వేలమందికి ఆయన ఏమవుతాడు అన్న ప్రశ్న మాత్రం సినిమా దగ్గరా ఉంది, ప్రేక్షకుల దగ్గరా ఉంది.

ఇది "బలగం" ఒక్కదాని సంగతి కాదు. 2019లో వచ్చిన "మల్లేశం" చూడండి. ఆసు పోసీ పోసీ భుజాలు పడిపోయిన తల్లి కోసం యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ. నగరంలో దాన్ని ఇన్నోవేషన్ కథగా, స్టార్టప్‌వాళ్ళు చూడాల్సిన సినిమాగా మెచ్చుకున్నారు. చేనేత ఇంట్లో పుట్టిన నా స్నేహితురాలు సినిమా అంతా చూసి చెప్పిన మాట ఒకటే: "మా అమ్మకి ఇప్పటికీ కుడి చెయ్యి పైకి లేవదు." ఒకరికి కొడుకు గెలుపు కనబడింది, ఇంకొకరికి తల్లి భుజం. రెండూ సినిమాలో ఉన్నవే. ఏది మన సమీక్షల్లోకి ఎక్కిందో మీకు తెలుసు.

చివరగా డబ్బు మాట. ‘చిన్న సినిమా సొంత బలంతో జనంలోకి వెళ్ళింది’ అనే కథ కూడా ఈ ‘అందరికీ’కి తోబుట్టువే. "బలగం" తక్కువ బడ్జెట్ సినిమానే. కానీ దాని వెనక దిల్ రాజు సంస్థ ఉంది. అంటే థియేటర్లు ఇప్పించగల చెయ్యి ఉంది. 2018లో కంచరపాలెం మనుషులే నటించిన "కేరాఫ్ కంచరపాలెం"ని విడుదలకి ముందు రానా దగ్గుబాటి తన భుజాన వేసుకున్నాడు. అలాంటి చెయ్యి దొరకని సినిమాలు ఒక శుక్రవారం ఉదయం ఆటకి వచ్చి, సోమవారానికి మాయమవుతాయి. వాటిని ‘జనం ఆదరించలేదు’ అంటాం. జనం దాకా అవి వెళ్ళనేలేదు. ఏ సినిమా ఎవరికి నచ్చిందన్న చర్చకి ముందు, ఏ సినిమా ఎవరి ఊరి దాకా వెళ్ళిందన్న చర్చ జరగాలి. అభిరుచి అని మనం పిలుస్తున్నదానిలో చాలా భాగం థియేటర్ లీజులూ, బస్సు టైములూ, టికెట్ రేట్లూ.

కాబట్టి, రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ నా మాట ఇది. ఈసారి ఇలాంటి సినిమా వచ్చినప్పుడు, ఏ హాల్లో, ఎవరి పక్కన కూర్చుని చూశారో మీ సమీక్షలో రాయండి. పక్క సీటువాళ్ళు ఎక్కడ నవ్వారో, మీరు ఎక్కడ నవ్వలేదో రాయండి. వీలైతే అదే సినిమాని ఇంకో చోట, ఇంకొకరి మధ్య కూర్చుని మళ్ళీ చూడండి. ఇదంతా కుదరకపోతే కనీసం ‘నాకు కనెక్ట్ అయింది’ అనండి. అది నిజం, దానికి విలువ ఉంది. ‘అందరి’ తరఫున మాట్లాడమని మా పెద్దమ్మ మనకి ముక్త్యారు రాసివ్వలేదు.